సగటు బాగానే ఉంది

మా నాన్నకి కోపం వస్తే అరవరు. భోజనంలో పెరుగన్నం దాకా వచ్చాక, తలెత్తకుండా, ఒక్క మాట చెప్తారు. పోయిన వేసవిలో ఒక రాత్రి అలాగే చెప్పారు. "ఆ కారు అమ్మేద్దాం రా. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పే ఆయన ఎప్పట్నుంచో అడుగుతున్నాడు."

నేను నోరెత్తలేదు. ఎత్తడానికి మొహం లేదు కూడా. ముప్ఫయ్యేళ్ళు ఆగకుండా తిరిగిన బండిని ఆగిపోయేలా చేసిన ఘనత పూర్తిగా నాదే.

సంగతి మొదట్నుంచీ చెప్తాను. (కార్ల మీద ఆసక్తి లేనివాళ్ళు కూడా చదవొచ్చు. మధ్యలో మన ఆఫీసు గోల వస్తుంది.)

అది అంబాసిడర్ మార్క్ 4, 1986 మోడల్, 1489 సీసీ పెట్రోలు ఇంజను. నాన్న తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసేటప్పుడు, 1994లో, సెకండ్ హ్యాండులో కొన్నారు. అక్క ఎంసెట్ రాయడానికి వెళ్ళింది అందులోనే, తాతయ్యని గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్ళింది అందులోనే, నన్ను బకెట్టు, పరుపుతో సహా ఇంజినీరింగ్ హాస్టల్లో దింపింది అందులోనే. ఉత్తరపరాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా మా వాకిట్లో బండికి ఆ వార్త తెలిసినట్టు లేదు, ఎప్పట్లాగే తిరిగేది.

మరి నేనెందుకు వేలు పెట్టాను? చదివినవాడి తెలివి. అంబాసిడర్ ఇంజను నిజానికి బ్రిటిష్ వాళ్ళ బి-సిరీస్ ఇంజను. ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎమ్‌జీఏ స్పోర్ట్స్ కార్లో కూడా ఇదే 1489 సీసీ ఇంజను. తేడా ఏంటంటే వాళ్ళ కారుకి రెండు కార్బ్యురేటర్లు, మనదానికి ఒకటి. ఈ ముక్క ఇంటర్నెట్లో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న కారు లోపల ఒక స్పోర్ట్స్ కారు బందీగా ఉందని, దాన్ని విడిపించాల్సింది నేనేనని తీర్మానించుకున్నాను.

ఏడాది పాటు ఇంగ్లండులో ఆన్‌సైట్ పడింది. వచ్చేటప్పుడు పాత ఎస్‌యూ కార్బ్యురేటర్ల జత ఒకటి మానిఫోల్డుతో సహా కొన్నాను, హెచ్‌ఎస్4 రకం. ఎమ్‌జీబీ అనే 1798 సీసీ కారు నుంచి పీకినవి. వెళ్ళేటప్పుడు ఆవకాయ సీసాలు ఉన్న సూట్‌కేసులో వచ్చేటప్పుడు కార్బ్యురేటర్లు వచ్చాయి. అమ్మ చూసి "ఇవేం గిన్నెలురా" అంది.

ఆ తర్వాత హైదరాబాదులో ఒక షెడ్డులో బోర్ చేయించి, 40 థౌ ఓవర్‌సైజు పిస్టన్లు వేయించి, హెడ్డు గీయించి కంప్రెషన్ పెంచి, ఆ గిన్నెలు బిగించాం. లెక్క వేస్తే 1531 సీసీ అయింది. మొదటి రోజు ఔటర్ మీద బండి లాగిన తీరు చూసి నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. రెండో రోజు నుంచి వేరే కారణాలకి వచ్చాయి.

లక్షణాలు చెప్తాను. సిగ్నల్ దగ్గర స్లోలో నిలబడదు, ఊగుతుంది. ఒకసారి 600, ఒకసారి 1200. యాభైలో సాఫీగా పోతున్నప్పుడు కాస్త యాక్సిలరేటర్ తొక్కితే క్షణం పాటు నీరసపడి, కార్బ్యురేటర్లోంచి 'టప్' మని తుమ్మి, అప్పుడు లాగుతుంది. మైలేజీ లీటరుకి ఆరు.

ఎస్‌యూ కార్బ్యురేటర్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ కాస్త చెప్పాలి, లేకపోతే ముందుకెళ్ళడం కష్టం. మామూలు సోలెక్స్‌లో స్లోకి ఒక జెట్టు, స్పీడుకి ఒక జెట్టు, తొక్కినప్పుడు చిమ్మడానికి ఒక చిన్న పంపు ఇలా నాలుగైదు ఏర్పాట్లుంటాయి. ఎస్‌యూలో అవేమీ ఉండవు. ఒక పిస్టను, దానికి వేలాడుతూ ఒక సన్నగా చెక్కిన సూది, కింద ఒకే జెట్టు. ఇంజను ఎంత గాలి లాగితే పిస్టను అంత పైకి లేస్తుంది, సూది కూడా లేస్తుంది. సూది కిందికి పోనుపోను సన్నబడుతుంది కాబట్టి లేచినకొద్దీ జెట్టులో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. అంతే. దీన్ని కనిపెట్టిన స్కిన్నర్ సోదరులది ఇంగ్లండులో చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మొదట్లో పిస్టను కూడా లేదట, తోలు తిత్తి వాడారు. మన కమ్మరి కొలిమి తిత్తి గుర్తొచ్చింది నాకు.

జెట్టు కింద ఆరు పలకల నట్టు ఒకటుంటుంది. పైకి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, కిందికి తిప్పితే పెరుగుతుంది. ఇంత సులువైన యంత్రం నాకు లొంగకపోవడమేంటి అనుకున్నాను.

ఒకటో నంబరు ప్లగ్గు తీశాను. తెల్లగా సున్నం కొట్టినట్టుంది. అంటే పెట్రోలు చాలట్లేదు. రెండు నట్లూ సమానంగా ఒక్కో పలక కిందికి తిప్పాను. ఫలితం లేదు. ఇంకో రెండు. స్లో కాస్త నిలబడింది కానీ వెనక నల్లటి పొగ. మళ్ళీ పైకి. మళ్ళీ తుమ్ములు. ఇలా ప్రతి శని, ఆదివారాలు, మూడు నెలలు. నట్లు తిప్పీ తిప్పీ నా బొటనవేలికి కాయ కాసింది. మధ్యలో కాయిల్ మార్చాను, ప్లగ్గులు మార్చాను, డాష్‌పాట్‌లో నూనె మార్చాను, ఒకే ఆదివారం మూడూ. సోమవారం ఆఫీసులో ఎవరైనా ఒకే రిలీజులో మూడు ఫిక్సులు టెస్టు చేయకుండా పెడితే మీటింగు పెట్టి మరీ క్లాసు పీకేది నేనే, అది వేరే విషయం.

చివరికి మనవాళ్ళందరూ చేసే పనే చేశాను. డేటా కావాలన్నాను. సైలెన్సర్ గొట్టంలో పెట్టే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఒకటి కొన్నాను. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి గాలి, పెట్రోలు నిష్పత్తి ఎంతో అంకె చూపిస్తుంది. దాన్ని లాప్‌టాప్‌కి తగిలించి, గ్రాఫు గీసి, స్లోలో 13.8 వచ్చేదాకా రెండు నట్లూ సమానంగా తిప్పాను. 14.7 అంటే సరిగ్గా సరిపోయినట్టు, పాత కారు స్లోకి 13.8 అంటే బంగారం. గ్రాఫు స్క్రీన్‌షాట్ తీసి స్నేహితులకి పంపాను. బండి మాత్రం అలాగే ఊగుతూనే ఉంది. అంకె బాగుంది కాబట్టి ఇంక ఇది పాత బండి స్వభావం అని సరిపెట్టుకుని తెనాలి తీసుకొచ్చి నాన్నకి అప్పగించాను.

అప్పుడు జరిగింది గేటు దగ్గర సంగతి.

బంధువుల పెళ్ళికి పల్లెటూరెళ్ళి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు కురుస్తోంది. నేను నడుపుతున్నాను, పక్కన నాన్న, వెనక అమ్మ. రైల్వే గేటు పడింది. ఇరవై నిమిషాలు ఆగి, రైలెళ్ళాక గేటు ఎత్తారు. రెండువైపుల నుంచీ ఒకేసారి అందరూ దూరారు. పట్టాల మీద ఎగుడుదిగుడుకి నేను కాలు తీశాను. ఇంజను ఆగిపోయింది, సరిగ్గా పట్టాల మధ్య.

సెల్ఫు కొట్టాను. అందుకోలేదు. కంగారులో చోక్ లాగాను. "లాగకు, ఇంజను వేడిగా ఉంది" అని నాన్న అనేలోపే లాగేశాను. వేడి ఇంజనుకి చోక్ లాగితే ఏమవుతుంది? ప్లగ్గులు పెట్రోల్లో స్నానం చేస్తాయి. ఇంక అది ఎంత తిప్పినా అందుకోదు. గేట్‌మన్ జెండా పట్టుకుని అరుస్తున్నాడు. వెనకనించి హారన్లు. అమ్మ తలుపు తీయబోతే నాన్న "కూర్చో" అన్నారు, వెంటనే మళ్ళీ "దిగు, దిగు" అన్నారు. ఆయన గొంతు అలా తడబడడం నేను ఎప్పుడూ వినలేదు. ఆటోవాళ్ళు నలుగురొచ్చి నెట్టారు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు. అప్పట్లో రైలేమీ రాలేదు. కానీ అమ్మ పట్టాలకి అవతల చెట్టు కింద నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసిన చూపు నాకిప్పటికీ నిద్రలో వస్తుంది.

ఆ రాత్రే పెరుగన్నం, ఆ మాట.

నెలాఖరు దాకా గడువడిగాను. నాన్న సరేననలేదు, వద్దనలేదు. మర్నాడు "బెజవాడ ఆటోనగర్లో మేస్త్రీ ఉన్నాడు, మన బండికి ఇంజను పని మొదట చేసింది ఆయనే. ఉన్నాడో లేడో" అన్నారు. ఉన్నాడు. డెబ్బై దాటాయి, షెడ్డు కొడుకు చూసుకుంటాడు, ఈయన కుర్చీలో కూర్చుంటాడు. నాన్నని చూసి "రండి మాస్టారూ" అని లేచాడు. బానెట్ తీసి చూసి, "రెండు పొయ్యిలు పెట్టారే" అన్నాడు.

నేను లాప్‌టాప్ తెరిచి గ్రాఫు చూపించాను. ఆయన మర్యాదగా చూశాడు. "ఇది సైలెన్సర్ దగ్గర చూసిందా బాబూ?" అన్నాడు. అవునన్నాను. ఇంకేం అనలేదు.

నేను కార్బ్యురేటర్లు విప్పుతాడనుకున్నాను. వాటి జోలికే వెళ్ళలేదు. మొదట కంప్రెషన్ గేజు పెట్టించాడు, నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. తర్వాత ట్యాపెట్లు. తర్వాత పాయింట్లు. తర్వాత డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే సన్నటి వాక్యూమ్ పైపు పీకి, నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుక అడ్డం పెట్టాడు. పైపు నాలుకకి పట్టుకుని వేలాడాలట. వేలాడలేదు. లోపల డయాఫ్రం చిరిగిపోయింది. సగం తొక్కినప్పుడు స్పార్కు ముందుకి జరగాల్సింది జరగట్లేదు. యాభై దగ్గర నీరసంలో సగం వాటా దీనిది. కార్బ్యురేటర్‌కి దీనికీ ఏ సంబంధమూ లేదు. నేను మూడు నెలలు నట్లు తిప్పింది దీనికోసం కూడానన్నమాట.

అప్పుడు నాలుగు ప్లగ్గులూ తీయించి, వరసగా బల్ల మీద పెట్టాడు. ఒకటి, రెండు తెల్లగా. మూడు, నాలుగు మసి.

నేనెప్పుడూ ఒకటో నంబరే తీసేవాణ్ణి. ముందువైపుంటుంది, చెయ్యి తేలిగ్గా పోతుంది.

బి-సిరీస్ ఇంజనులో గాలి లోపలికెళ్ళే దారులు నాలుగు ఉండవు, రెండే. ఒకటి, రెండు సిలిండర్లకి కలిపి ఒకటి, మూడు, నాలుగుకి కలిపి ఒకటి. ముందు కార్బ్యురేటర్ ముందు జతకి, వెనకది వెనక జతకి. నాలుగింటి పొగా కలిసిపోయాక సైలెన్సర్ చివర కొలిస్తే వచ్చేది సగటు. సగం సిలిండర్లు ఆకలితో, సగం అజీర్తితో ఉంటే సగటు 13.8. బంగారం.

ఇది చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండేళ్ళ క్రితం ఆఫీసులో సరిగ్గా ఇదే గొడవ. రెండు సర్వర్లలో ఒకటి చచ్చేట్టు నెమ్మదిగా ఉంది, రెండోది ఖాళీగా కూర్చుని చకచకా జవాబులిస్తోంది. డాష్‌బోర్డులో సగటు రెస్పాన్స్ టైము పచ్చగా ఉంది. కస్టమర్లు తిడుతుంటే "మా దగ్గర అంతా బాగానే ఉంది" అని మేం మెయిళ్ళు రాశాం. ఆ మెయిళ్ళలో ఒకటి నేనే రాశాను.

మేస్త్రీ ఇంజను స్టార్టు చేయించి, కార్బ్యురేటర్ పక్కనుండే చిన్న పిన్నుని వేలితో ఒక మిల్లీమీటరు పైకెత్తాడు. పిస్టను కొద్దిగా లేస్తుంది. సరిగ్గా ఉంటే ఇంజను రవ్వంత పెరిగి సర్దుకోవాలి. ముందుదానికి ఎత్తితే ఇంజను ఆగిపోబోయింది: పెట్రోలు చాలట్లేదు. వెనకదానికి ఎత్తితే వేగం పెరిగి అలాగే ఉండిపోయింది: పెట్రోలు ఎక్కువ. ఒక్క నిమిషం పని. నా సెన్సర్ ఖరీదు ఆయనకి చెప్పలేదు.

ఎందుకిలా అన్నది తేల్చడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ముందు కార్బ్యురేటర్లో థ్రాటిల్ ఇరుసు తిరిగే బొక్క అరిగి వదులైపోయింది. ఇరుసు చివర క్లీనర్ చిమ్మితే ఇంజను శబ్దం మారిపోయింది. అంటే ఆ సందులోంచి గాలి పట్టేస్తోంది. పాత ఎస్‌యూలకి ఇది ప్రసిద్ధమైన జబ్బు, కొనేటప్పుడే ఇరుసు పట్టుకుని ఊపి చూడాల్సింది. నేను పాలిష్ చూసి కొన్నాను. పైగా ఈ దొంగగాలి స్లోలోనే బాగా బాధపెడుతుంది. స్పీడులో ఇంజను లాగే గాలిలో అదెంత? కాబట్టి స్లో కోసం నట్టు తిప్పి పెట్రోలు పెంచితే స్పీడులో పొగ.

వెనకదాని కథ వేరు. ఎస్‌యూలో చోక్ లాగితే గాలికి అడ్డం ఏదీ పడదు, జెట్టే కిందికి దిగుతుంది. వదిలితే పైకి రావాలి. వెనక జెట్టు గొట్టం బిగుసుకుని పూర్తిగా వెనక్కి రావట్లేదు. అంటే ఆ కార్బ్యురేటర్‌కి ఎప్పుడూ కొంచెం చోక్ లాగే ఉంది. గేటు దగ్గర నేను లాగినప్పుడు అది ఇంకా కిందికి దిగి అక్కడే ఉండిపోయింది.

ఒకదానికొకటి వ్యతిరేకమైన రెండు బగ్గులు, ఒకదాన్నొకటి దాచుకుంటూ. నేను రెండు నట్లూ సమానంగా తిప్పినంతకాలం బయటపడే అవకాశమే లేదు.

పక్క వీధిలో లేతు పనివాడు ఇత్తడి బుష్షులు చేసి, ఇరుసు బొక్కలు సాపు చేసి దించాడు. జెట్టులు తుడిచి, సూదికి సరిగ్గా మధ్యలో కూర్చునేలా సర్దారు. పిస్టను ఎత్తి వదిలితే 'టక్' మని ఇనుము మీద ఇనుము పడ్డ శబ్దం రావాలి. మెత్తగా పడితే సూది ఎక్కడో ఒరుసుకుంటున్నట్టు. తర్వాత రెండు నట్లూ మొదటికి తెచ్చి, జెట్టు పై అంచుకి సమానంగా పెట్టి, అక్కణ్ణుంచి పన్నెండు పలకలు కిందికి. కొత్తగా మొదలు.

రెండూ సమానంగా గాలి లాగుతున్నాయో లేదో చూడ్డానికి మీటర్లున్నాయి. మేస్త్రీ దగ్గర రబ్బరు గొట్టం ముక్క ఉంది. ఒక చివర కార్బ్యురేటర్ నోట్లో, ఇంకో చివర చెవిలో. 'హిస్' మనే శబ్దం రెండింట్లో ఒకేలా ఉండాలి. నేను విన్నాను, నాకు రెండూ ఆటోనగర్ రొదలాగే వినబడ్డాయి. (పదేళ్ళ హెడ్‌ఫోన్స్ పుణ్యం.) మేస్త్రీకి ఒక చెవి ఎప్పుడో పోయింది. గొట్టం నాన్న చేతికిచ్చి "మాస్టారూ, మీరు వినండి" అన్నాడు.

నాన్న కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, వంగి విన్నారు. ముందుది, వెనకది, మళ్ళీ ముందుది. "ముందుది కొంచెం ఎక్కువ" అన్నారు. మేస్త్రీ స్క్రూ ఒక పిసరు తిప్పాడు. "ఇంకా." మళ్ళీ పిసరు. "ఆఁ, ఇప్పుడు సమానం." క్లాసులో బోర్డు మీద లెక్క తేలినప్పుడు అన్నట్టే అన్నారు. స్లో 800 దగ్గర నిలబడింది. కదల్లేదు.

తుమ్ములు మాత్రం పూర్తిగా పోలేదు. ఈసారి నాలుగు ప్లగ్గులూ ఒకే రంగు, కానీ నాలుగూ కాస్త తెలుపు. దీనికి కారణం బండిలో లేదు, పెట్రోల్లో ఉంది. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. పెట్రోలు ఒక పాలు కాలడానికి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి సుమారు 9 చాలు. 20 శాతం కలిపినదానికి లెక్క వేస్తే దాదాపు 13.5. కొత్త కారులో కంప్యూటర్ చూసుకుని సర్దుకుంటుంది. సూదికి అంత తెలివి ఎక్కడిది? ఎప్పుడో పాత పెట్రోలుకి చెక్కిన సూది ఎనిమిది శాతం తక్కువ పోస్తూనే ఉంటుంది. నట్టుతో సరిచేస్తే స్లో చెడుతుంది, కావలసింది మధ్యలో సన్నగా ఉన్న వేరే సూది.

మేస్త్రీ కొడుకు ఎమెరీ కాగితంతో గీసేద్దామన్నాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు, "గీసింది మళ్ళీ పెరగదు" అన్నాడు. సూదుల కొలతలు ఇంచీలో ఎనిమిదో వంతుకొకటి చొప్పున పట్టికలుగా దొరుకుతాయి. ఇక్కడ మాత్రం నా స్ప్రెడ్‌షీట్ పనికొచ్చింది. నాన్నా నేనూ వసారాలో కూర్చుని పట్టికలు పోల్చి, స్లో భాగంలో పాతదానిలాగే ఉండి మధ్యలో సన్నబడే సూది ఒకటి ఎంచి తెప్పించాం. మూడు వారాలు పట్టింది. నాన్న మధ్యలో రెండుసార్లు "వచ్చిందా" అని ఫోన్ చేశారు. కారు గురించి ఆయన నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. ఇథనాల్‌కి పనికొచ్చే పెట్రోలు పైపులు, ప్యాకింగులు కూడా వాటితోపాటే మార్చాం.

ఇప్పుడు లీటరుకి తొమ్మిది, తొమ్మిదిన్నర ఇస్తోంది. చలిగా ఉన్న పొద్దున్న మొదటి కిలోమీటరు ఇంకా కొంచెం గునుస్తుంది. నాన్న స్టార్టు చేసే ముందు సోలెక్స్ రోజుల అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ రెండుసార్లు తొక్కుతారు. ఎస్‌యూలో పంపు లేదు కాబట్టి దానివల్ల ఏమీ కాదని చెప్పాను. విని, మళ్ళీ తొక్కారు.

పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పే ఆయన నెలాఖరుకి ఫోన్ చేశాడట. "మా వాడింకా చూస్తున్నాడండీ" అన్నారట నాన్న. పోయిన ఆదివారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ గేటు దాకా తీసుకెళ్ళారు. గేటు పడే ఉంది. ఇంజను ఆపలేదు, పావుగంట స్లోలోనే ఉంచి గేటెత్తాక రెండో గేరులో నెమ్మదిగా దాటించారు. అవతల ఆ చెట్టు దగ్గర ఆపి, దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ ఎక్కి వెనక్కి దాటించారు.

అమ్మ మాత్రం ఇంకా ఎక్కలేదు. గుడికి ఆటోలోనే వెళ్తోంది.